మందు కొట్టే ముందు లెక్క పెడదాం: ఏలూరు చెప్పిన పాఠం, మన చేలో దాని వాడకం



2020 డిసెంబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా భయం ఇంకా పోలేదు. ఆ రోజుల్లో ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. డిసెంబరు 5, శనివారం నాటికి ఆస్పత్రికి వచ్చేవాళ్ళ వరుస పెరిగిపోయింది. దక్షిణపు వీధి, కొత్తపేట, అశోక్ నగర్, అరుంధతిపేట... ఇలా పేట తర్వాత పేట. ఇబ్బంది ఎక్కువైన వాళ్ళని విజయవాడ తీసుకెళ్ళారు. మొత్తం 600 మందికి పైగా జబ్బు పడ్డారు. ఒకరు చనిపోయారు. చాలామంది మాత్రం గంటల్లోనో ఒక రోజులోనో తేరుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ వారం రోజులూ మన సహజ వ్యవసాయ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ఇదంతా పురుగుమందుల పనే. మేము ఎప్పటినుంచో చెప్తున్నాం కదా!" ఇంకో పక్క కొందరు "కాలవ నీళ్ళు" అన్నారు, కొందరు "బ్లీచింగ్ ఎక్కువ చల్లారు" అన్నారు, కొందరు "కొత్త వైరస్" అన్నారు. ఎవరికి ముందునుంచీ దేనిమీద అనుమానం ఉందో, వాళ్ళకి అదే కారణంగా కనిపించింది. మనకీ అంతే.

అయితే కారణం వెతకడానికి వచ్చినవాళ్ళు అలా మొదలుపెట్టలేదు. వాళ్ళు ముందు లెక్క పెట్టారు. ఆ లెక్క పెట్టే పద్ధతినే ఎపిడెమియాలజీ అంటారు. పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. జబ్బు ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎవరికి రాలేదు అని అడిగి, ఆ జవాబుల్లోంచి కారణం పట్టుకుని, తర్వాతి మనిషికి రాకుండా ఆపడం. ఈ పద్ధతి మనుషులకి ఎంత పనికొస్తుందో వరికి, మినుముకి, పసుపుకి, గొడ్డుకి కూడా అంతే పనికొస్తుంది. పై వీడియోలో చేలో నడుస్తూ చూపించింది ఇదే. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఏలూరులో ఏం అడిగారు?

ఢిల్లీ ఎయిమ్స్, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, పూనాలోని వైరాలజీ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ... ఇలా చాలా బృందాలు రంగంలోకి దిగాయి. రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయలు పరీక్షలకు వెళ్ళాయి. పరీక్షల ఫలితాలు రాకముందే కొన్ని సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, లక్షణాలు. మూడు నుంచి ఐదు నిమిషాల పాటు ఒకే ఒక్కసారి ఫిట్స్, కాసేపు మతిమరుపు, ఆందోళన, వాంతులు, తలనొప్పి, నడుంనొప్పి. దీన్నిబట్టి "ఈ లక్షణాలుంటేనే మన కేసు" అని గీత గీసుకోవచ్చు. గీత లేకపోతే ఊళ్ళో ప్రతి తలనొప్పీ లెక్కలోకి వచ్చేస్తుంది.

రెండు, ఎవరికి? ఆడ, మగ, పిల్లలు, పెద్దలు అందరిలోనూ ఉంది. కానీ ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి మిగతావాళ్ళు బాగానే ఉన్నారు. పక్కన పడుకున్నవాళ్ళకి అంటుకోలేదు. అంటే ఇది అంటురోగంలా నడవడం లేదు.

మూడు, ఎక్కడ? మున్సిపాలిటీ నీళ్ళు అందని చోట్ల నుంచి కూడా కేసులు వచ్చాయి. కాబట్టి "కుళాయి నీళ్ళు" అని ఒక్క మాటలో తేల్చడానికి వీల్లేకపోయింది.

నాలుగు, ఎప్పుడు? రెండు మూడు రోజుల్లో గబగబా పెరిగి, వారం పది రోజులకల్లా దాదాపు ఆగిపోయింది. అంటురోగం ఇలా ఉండదు. ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి, అలలు అలలుగా పెరుగుతుంది. ఒక్కసారి లేచి ఒక్కసారి పడిపోయిందంటే, అందరూ ఇంచుమించు ఒకే సమయంలో ఏదో ఒకదానికి గురై ఉండాలి.

మొదట వచ్చిన రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. పత్రికలన్నీ అదే రాశాయి. డిసెంబరు మధ్యలో నిపుణులు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికల్లో మాత్రం పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఎయిమ్స్, పోషకాహార సంస్థ చెప్పాయి. అవి జనం ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేలాలంటే ఇంకా అధ్యయనం కావాలని కూడా అన్నారు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. "మేము చెప్పిందే నిజమైంది" అని మనం గర్వపడ్డాం. కానీ మనం చెప్పింది ఊహ. వాళ్ళు చెప్పింది లెక్క. ఊహ ఒక్కోసారి కలిసొస్తుంది, ఒక్కోసారి ముంచుతుంది. పైగా "ప్రధాన కారణం కావచ్చు, దారి తేలలేదు" అన్నదానికీ, "తేలిపోయింది" అన్నదానికీ చాలా తేడా ఉంది. మనం వినియోగదారుడికి కూరగాయలు అమ్మేటప్పుడు ఏలూరు పేరు చెప్పి భయపెట్టడం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తేనే మన మాటకి విలువ.

పంపు పిడి తీసేసిన కథ

ఈ పద్ధతికి పాత ఉదాహరణ లండన్‌లో ఉంది. 1854లో సోహో అనే పేటలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో దుర్వాసన వల్ల కలరా వస్తుందని నమ్మేవాళ్ళు. జాన్ స్నో అనే వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి, చావులు ఎక్కడెక్కడ జరిగాయో పటం మీద గుర్తు పెట్టాడు. ఎక్కువ భాగం బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న ఒక చేతిపంపు చుట్టూ ఉన్నాయి.

ఆయన అక్కడితో ఆగలేదు. "ఇంత దగ్గర ఉండి కూడా జబ్బు రానివాళ్ళు ఎవరు?" అని అడిగాడు. పంపుకి దగ్గర్లోనే ఉన్న బీరు తయారీ కేంద్రంలో పనివాళ్ళకి కలరా రాలేదు. వాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. పేదలుండే సత్రంలో కూడా చావులు చాలా తక్కువ. వాళ్ళకి సొంత బావి ఉంది. జబ్బు వచ్చినవాళ్ళ కంటే రానివాళ్ళే అసలు కారణాన్ని పట్టించారు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు.

కథ ఇక్కడ ఆపితే బాగానే ఉంటుంది. కానీ పిడి తీసేనాటికే కేసులు తగ్గుముఖం పట్టాయి. జనం పేట వదిలి వెళ్ళిపోవడం కూడా అందుకు ఒక కారణం. ఈ మాట స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మన చేలో చాలా పనికొస్తుంది. ఎలాగో ఇంకాసేపట్లో చూద్దాం.

మన చేలో అవే ప్రశ్నలు

తెగులు రావాలంటే మూడు కలవాలి: తెగులు కలగజేసే జీవి, దానికి లొంగే పైరు, దానికి అనుకూలమైన వాతావరణం. మూడింట్లో ఒక్కటి లేకపోయినా తెగులు లేదు. దీన్నే తెగులు త్రికోణం అంటారు. వైరస్ తెగుళ్ళకి చాలావాటికి నాలుగోది కూడా కావాలి, మోసుకొచ్చే పురుగు. మలేరియాకి దోమ ఎలాగో మినుములో పల్లాకు తెగులుకి తెల్లదోమ అలాగ. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఆ తర్వాతే జనం జ్వరం వచ్చాక మందు వేసుకోవడంతో సరిపెట్టకుండా, దోమ పుట్టే నీళ్ళ మీద దృష్టి పెట్టారు.

ఇప్పుడు చేలోకి దిగుదాం.

ఎక్కడ? గట్టు మీద నిలబడి చూస్తే గట్టు పక్క పైరే కనిపిస్తుంది. అది చేను మొత్తానికి గుర్తు కాదు. మూల నుంచి మూలకి నడవండి. ఐదు చోట్ల ఆగి, ఒక్కో చోట 20 దుబ్బులు చూడండి. మొత్తం 100 దుబ్బులు. అందులో మచ్చ ఉన్నవి ఎన్ని? 7 ఉంటే 7 శాతం. "తెగులు బాగా ఉంది" అనే మాటకంటే "100కి 7" అన్నది ఎంతో మేలు. వారం తర్వాత 7 ఉందా 20 అయిందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఏ ఆకారంలో? గుండ్రంగా, సుడులు సుడులుగా పైరు ఎండితే దుబ్బు మొదట్లో సుడిదోమ ఉందేమో చూడండి. మచ్చలు నూలు కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో ఉంటే అగ్గితెగులు. నీటి మట్టం దగ్గర పాము ఒంటి మీద పొడలా ఉంటే పాముపొడ. ఒక గట్టు పక్క మాత్రమే, రెండు మూడు రోజుల్లో, కలుపూ పైరూ తేడా లేకుండా ఒకేసారి మాడిందనుకోండి, దానికి కషాయం కొట్టకండి. పక్క చేలో కలుపు మందు కొట్టారా, గాలి ఎటు వీచింది అని అడగండి. ఏలూరులో లాగా ఒక్కసారి లేచి ఒక్కసారి ఆగిపోతే అది వ్యాపించే తెగులు కాకపోవచ్చు.

ఎప్పుడు? మంచు ఎప్పుడు పడింది, ముసురు ఎన్ని రోజులుంది, ఎరువు ఎప్పుడు వేశారు, ఊడ్పులు ఎప్పుడు అయ్యాయి. నాలుగు తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి చాలు. రాత్రి చల్లగా ఉండి ఆకు మీద మంచు ఎక్కువసేపు నిలిస్తే అగ్గితెగులు వస్తుంది. నత్రజని ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. ఆ నత్రజని యూరియా బస్తా నుంచి వచ్చిందా, పచ్చరొట్ట కలియదున్నితే వచ్చిందా అని తెగులు అడగదు.

ఎవరికి రాలేదు? ఇది మనం ఎప్పుడూ అడగని ప్రశ్న. పక్క మడిలో అదే నీళ్ళు, అదే గాలి, కానీ తెగులు లేదు. రకం వేరా? ఊడ్పులు పది రోజులు ముందా? పలచగా నాటారా? సాంబ మసూరి, అంటే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, తినడానికి ఎంత బాగున్నా అగ్గితెగులుకి, ఎండాకు తెగులుకి తొందరగా లొంగుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి ఎండాకు తెగులుని తట్టుకుంటుంది. చేను దాటగానే తెగులు ఆగిపోయిందంటే ఆ గట్టు దగ్గరే జవాబు ఉంటుంది.

కషాయం పనిచేసిందా, వాతావరణం మారిందా?

ఇప్పుడు పంపు పిడి దగ్గరికి వద్దాం. మనలో చాలామంది వీడియోల్లో చెప్తుంటారు: "దశపర్ణి కొట్టాను, వారంలో తెగులు పోయింది." అబద్ధం చెప్తున్నారని కాదు. కానీ అదే వారంలో ముసురు తగ్గి ఎండ కాస్తే, ఏమీ కొట్టకపోయినా తగ్గేదేమో!

దీన్ని తేల్చే దారి ఒకటే. ఎకరంలో ఒక 10 సెంట్లు ఏమీ కొట్టకుండా వదిలేయండి. రకం, ఊడ్పు తేదీ, నీళ్ళు అన్నీ ఒకటే ఉండాలి. కొట్టే ముందు రెండు చోట్లా లెక్కపెట్టండి, వారం తర్వాత మళ్ళీ లెక్కపెట్టండి.

ఉదాహరణకి కొట్టిన చోట 100కి 12 నుంచి 5కి తగ్గింది. వదిలేసిన చోట 12 నుంచి 6కి తగ్గింది. చూడటానికి కషాయం బ్రహ్మాండంగా పనిచేసినట్టే ఉంటుంది. లెక్క చూస్తే తగ్గించింది ఎండ.

ఇంకో ఉదాహరణ. కొట్టిన చోట 12 నుంచి 14కి పెరిగింది. "దండగ, పని చెయ్యలేదు" అనుకుంటాం. కానీ వదిలేసిన చోట 12 నుంచి 40కి పెరిగితే? కషాయం మీ పంటని కాపాడింది. ఆ 10 సెంట్లు వదలకపోతే ఈ సంగతి మీకు ఎప్పటికీ తెలియదు.

సహజ వ్యవసాయం పనిచేస్తుందా లేదా అని అడిగేవాళ్ళకి మన దగ్గర ఉండాల్సిన జవాబు ఇలాంటి లెక్కే. పనిచెయ్యనిది మనమే ముందు పట్టుకుని పక్కన పెడితే, పనిచేసేదాన్ని నలుగురూ నమ్ముతారు.

రాకుండా చూసుకోవడం మూడు మెట్లు

మొదటి మెట్టు, అసలు రానివ్వకపోవడం. తట్టుకునే రకం, ఆరోగ్యమైన విత్తనం, బీజామృతంతో విత్తన శుద్ధి, గట్ల మీద కలుపు తీయడం. నాట్లలో ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తీస్తే దుబ్బుల మొదట్లోకి గాలి, వెలుతురు వెళ్ళి సుడిదోమకి చోటు ఉండదు. డెల్టాలో ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్ళు పారించడం మనకి అలవాటు. ఎండాకు తెగులు ఉన్న మడి నీళ్ళు కింది మడికి వదిలితే తెగుల్ని మనమే పంపినట్టు.

రెండో మెట్టు, వచ్చిన వెంటనే పట్టుకోవడం. మినుములో పసుపు రంగు జిగురు అట్టలు పెడితే తెల్లదోమ వచ్చిందని ముందే తెలుస్తుంది. పల్లాకు వచ్చిన మొదటి మొక్కల్ని పీకి తీసేస్తే తెల్లదోమకి అంటించుకునే చోటు తగ్గుతుంది. సుడిదోమ పిలక దశలో దుబ్బుకి 10 నుంచి 15 వరకూ చేరితే ఆలస్యం చెయ్యకూడదు. అప్పుడు కూడా సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ఎన్ని ఉన్నాయో చూడండి. అవి మన కూలీలు. ఘాటు మందు కొడితే ముందు పోయేది అవే, తర్వాత తిరిగొచ్చేది సుడిదోమే.

మూడో మెట్టు, నష్టం పాకకుండా ఆపడం. చేలో తెగులు ఉన్న భాగం పని చివర్లో చెయ్యండి. అక్కడ వాడిన కొడవలి, కాళ్ళు కడుక్కుని మిగతా మడిలోకి వెళ్ళండి. ఆ గడ్డిని, ఆ విత్తనాన్ని వచ్చే సార్వాకి దాచకండి. ఏ తెగులో అర్థం కాకపోతే ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాలకి మొక్కను వేళ్ళతో సహా తీసుకెళ్ళండి. మీ నోటు పుస్తకం కూడా తీసుకెళ్తే వాళ్ళ పని సగం తేలికవుతుంది.

మన ఒంటి సంగతి

చివరిగా, మనం తరచూ మర్చిపోయేది మనల్నే. సహజం అన్నంత మాత్రాన క్రిమి ఉండదని కాదు. ఎలుక జ్వరం అనే లెప్టోస్పైరోసిస్ వరి పొలాల జబ్బు. ఎలుకల మూత్రంతోనే కాదు, జబ్బు ఉన్న పశువుల మూత్రంతో కూడా వస్తుంది. కాలి పగుళ్ళలోంచి, చిన్న గాయంలోంచి ఒంట్లోకి పోతుంది. జీవామృతం, బీజామృతం కలిపేటప్పుడు చేతికి గాయం ఉంటే తొడుగు వేసుకోండి, కర్రతో కలపండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. జబ్బుగా ఉన్న ఆవు పేడ, మూత్రం వాడకండి. పచ్చిగా తినే ఆకుకూరల మీద, కోతకి దగ్గరపడ్డాక పేడ కలిసినదేదీ చల్లకండి. ఏలూరు తర్వాత మన కూరగాయల్ని నమ్మి కొనేవాళ్ళకి మనం ఇచ్చే మాట "మందు లేదు" అన్నదొక్కటే కాకూడదు, "శుభ్రం" అన్నది కూడా అయి ఉండాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి వరద దిగాక బావి నీళ్ళు నేరుగా తాగకూడదు. మామూలుగా మంచి బ్లీచింగ్ పౌడర్ 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాములు కలిపి గంట ఆగాలి. బురద నీళ్ళయితే ముందు తోడించాలి. ఏదీ కుదరకపోతే మరిగించి తాగాలి. ఇక్కడ "రసాయనం వద్దు" అని పట్టుబట్టకండి, ప్రాణం మీదికి వస్తుంది.

పొలం పని చేశాక ఉన్నట్టుండి జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "వరి మడిలో పనిచేశాను, పశువులు ఉన్నాయి" అని మీరే చెప్పండి. పక్క చేలో మందు కొట్టడానికి కూలికి వెళ్ళి ఉంటే అదీ చెప్పండి, వీలైతే డబ్బా పేరు చూపించండి. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు... డాక్టర్‌కి కావాల్సింది కూడా ఆ మూడే.

ఈ వారం ఒక పని చేద్దాం. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకుని మీ చేలో 100 దుబ్బులు లెక్కపెట్టండి. ఒక 10 సెంట్లు వదిలి, గుర్తుగా కర్ర పాతండి. వచ్చే వారం మళ్ళీ లెక్కపెట్టి, రెండు చోట్ల అంకెలూ వీడియో కింద కామెంట్లలో రాయండి. బాగున్నా రాయండి, బాగా లేకపోయినా రాయండి. మీ చేలో ఫలించనిది కూడా ఇంకో రైతుకి ఒక పంట కాపాడుతుంది.